ధాత కరువులో మూడున్నర మైళ్ళ కాలువ

కాల్గరీలో డీర్‌ఫుట్ ట్రెయిల్ మీద రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి నోస్ క్రీక్ తెలిసే ఉంటుంది. హైవే పక్కన మెలికలు తిరుగుతూ పోయి బో నదిలో కలిసే చిన్న వాగు. మన ఊళ్ళలో అయితే పంటకాలువ అనుకుని దాటేస్తాం. 1876 జనవరిలో ఈ వాగు పరిసరాల్లోనే జార్జ్ మెక్‌డూగల్ అనే మెథడిస్టు మిషనరీ మంచు తుఫానులో చిక్కుకుని చనిపోయాడు. అప్పటికి కాల్గరీ కోట కట్టి ఏడాది కూడా నిండలేదు. ఆయన ఆ రోజు బయల్దేరింది బోధించడానికి కాదు, వేటకి. మోర్లీలో కొడుకు నడుపుతున్న మిషన్‌కి చలికాలం గడవాలంటే బైసన్ మాంసం కావాలి. సాయంత్రం గుడారానికి అందరికంటే ముందు తాను వెళతానని గుర్రం మీద బయల్దేరాడు. గుడారం చేరలేదు. రోజుల తరబడి వెతికాక గడ్డకట్టిన శరీరం దొరికింది.

ఇప్పుడు మన పక్కింటి పిల్లలు చర్చి తరఫున వేసవిలో వెళ్ళే మిషన్ ట్రిప్ వేరు. రెండు వారాలు ఏ మెక్సికోకో వెళ్ళి, బడికి రంగులేసి, ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. అక్కడ తుఫాను వస్తే మరుసటి విమానానికి వెనక్కి తిరుగుతారు. తప్పుపట్టడం లేదు, మనమూ సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు అంతే. పాతకాలపు మిషనరీకి ఆ వెసులుబాటు లేదు. ప్రకృతి అడ్డం తిరిగితే వాళ్ళు వచ్చిన పని ఆగిపోయేది. దాని స్థానంలో ఏం పని మొదలయ్యేదన్నది మనిషిని బట్టి ఉండేది.

మెక్‌డూగల్ పోయిన ఆ 1876లోనే మన తెలుగు నేల మీద మరో మిషన్‌కి ఇలాంటి అడ్డంకే వచ్చింది. అక్కడ మంచు కాదు, వాన రాకపోవడం. ఒంగోలులో పదేళ్ళుగా పనిచేస్తున్న జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బైబిలు పక్కనపెట్టి కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ కథ ఇప్పుడు చెప్పబుద్ధి కావడానికి ఒక కారణముంది. కొన్నాళ్ళ కింద ఇక్కడ ఒక ఉగాది భోజనాల బల్ల దగ్గర, మాటల మధ్య ఒకాయన "ఒంగోలు వైపు వాళ్ళంతా కరువులో గంజికి మారినవాళ్ళే కదండీ" అన్నాడు. పాపం, చెడ్డవాడు కాదు, ఎక్కడో విన్నది అన్నాడంతే. ఎదురుగా కూర్చున్న ఒంగోలు మిత్రుడు ఏమీ అనకుండా పులిహోర ఇంకాస్త వడ్డించుకున్నాడు. ఆ సంభాషణ హాకీ మీదకి మళ్ళింది. గంజి అన్న ఆ ఒక్క మాటలో ఎంత నిజం ఉందో తేదీలు, లెక్కలు పెట్టుకుని చూద్దామనిపించింది. ఇంజనీరింగు చదివినవాడికి అంతకంటే మంచి దారి తెలియదు కదా.

ముందు క్లౌ సంగతి. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, అయోవాలో పెరిగాడు. పదిహేడేళ్ళ వయసు నుంచి మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందాలతో అడవుల్లో, చిత్తడి నేలల్లో తిరిగాడు. గొలుసు పట్టడం, హద్దు గీయడం, లెక్క రాయడం అక్కడే నేర్చాడు. లాయరు అవుదామనుకుని చదువుతూ మధ్యలో మతం వైపు తిరిగాడు. 1864 చివర్లో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే, గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో.

ఆయన చేరింది మూతపడబోతున్న మిషన్‌లో. 1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌లో ఏళ్ళ తరబడి పట్టుమని పదిమంది చేరలేదు. దీన్ని ఎత్తేద్దామా అని అమెరికాలో సభలు పెట్టుకుని పదే పదే చర్చించారు. పటంలో దానికి ఒక్క చుక్కే ఉండేది కాబట్టి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది. 1854 కొత్త సంవత్సరం రోజున తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు ఊరి పక్కనున్న కొండెక్కి ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కొండని ప్రార్థన కొండ అనే అంటారు.

వచ్చిన మనిషికి మొదట ఎదురైన ప్రశ్న దేవుడి గురించి కాదు, కులం గురించి. అతని బడికి అగ్రకులాల పిల్లలు వచ్చేవారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, దాదాపు నలభై మైళ్ళ దూరం నుంచి, తోళ్ళ వ్యాపారానికి ఏలూరు వైపు వెళ్ళినప్పుడు విన్న మాటలు పట్టుకుని ఒంగోలు వచ్చాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమని పై కులాలవాళ్ళు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు మాదిగల వైపు నిలబడ్డారు, బడి ఖాళీ అయింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది, సభ్యులు ఎనిమిది మంది. ఆ తరవాత పదేళ్ళలో సంఘం పల్లె పల్లెకీ పాకింది. దొర తిరిగినందుకు కాదు. పేరయ్య లాంటి వాళ్ళు చుట్టరికాల వెంట, సంతల వెంట, తోళ్ళ మూటల వెంట తిరిగినందుకు. కరువుకి ముందే వేలల్లో చేరారన్నది గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇక్కడ మన కెనడా ముక్క ఒకటి కలుస్తుంది. ఒంటారియో నుంచి వచ్చిన జాన్ మెక్లారిన్ ఈ అమెరికన్ మిషన్‌లోనే పనిచేశాడు. క్లౌ చందాల కోసం అమెరికా వెళ్ళిన 1872 నుంచి 1874 వరకు ఒంగోలు బాధ్యత ఆయనదే. క్లౌ తిరిగొచ్చాక మెక్లారిన్ 1874 మార్చిలో కాకినాడ వెళ్ళి కెనడా బాప్టిస్టుల సొంత మిషన్ మొదలుపెట్టాడు. అది కూడా ఊరికే వెళ్ళడం కాదు. అంతకుముందే అక్కడ సంఘం కట్టుకుని పిలిచినవాడు థామస్ గేబ్రియల్ అనే తెలుగు క్రైస్తవుడు, తంతి తపాలా శాఖలో ఉద్యోగం వదిలేసి వచ్చినవాడు. ఈనాటికీ కాకినాడలో మెక్లారిన్ హైస్కూలు ఉంది. మెక్లారిన్ కంటే ముందొచ్చిన టింపనీ పేరుతో విశాఖపట్నంలో టింపనీ స్కూలు ఉంది. టింపనీ 1885లో కాకినాడలో కలరాతో పోయాడు. అన్నట్టు, కెనడావాళ్ళు వచ్చి 'కో-కెనడా' అని పేరు పెట్టారని మనవాళ్ళు ఇక్కడ పార్టీల్లో చెబుతుంటారు. వినడానికి బావుంటుంది గానీ, కెనడా మిషనరీ అడుగు పెట్టకముందే ఆంగ్లేయుల కాగితాల్లో ఆ ఊరు కోకనాడే.

ఇక కరువు. 1876-77 ధాత నామ సంవత్సరం. అందుకే మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. అంతకు నలభై ఏళ్ళ ముందు గుంటూరు సీమని తుడిచిపెట్టిన 1832-33 నాటి నందన కరువుని, అదే డొక్కల కరువుని, చూసినవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు. 1876లో నైరుతి రుతుపవనాలు మొహం చాటేశాయి, తరవాత ఈశాన్యమూ రాలేదు. పసిఫిక్ సముద్రంలో నీళ్ళు వేడెక్కడం వల్ల ఇలా జరుగుతుందని, 1877-78లో వచ్చిన ఎల్ నినో చరిత్రలోకెల్లా తీవ్రమైన వాటిలో ఒకటని ఇప్పటి శాస్త్రవేత్తలు అంటారు. అప్పుడు అది ఎవరికీ తెలియదు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. బ్రిటిషు పాలనలోని ప్రాంతాల్లోనే 55 లక్షల మంది పోయారని ఒక అంచనా. అంతకంటే చాలా ఎక్కువ చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం అప్పటికి నాలుగేళ్ళ పిల్లవాడు.

వాన పడకపోవడం ప్రకృతి పని. మనుషులు అంతమంది పోవడం మాత్రం అచ్చంగా ప్రకృతి పని కాదు. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు దర్బారు పెట్టి విక్టోరియాని చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మద్రాసు వచ్చి సహాయ పనుల్లో ఖర్చు ఎక్కువవుతోందని కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అర కిలో కన్నా తక్కువ. దాంతో రోజంతా మట్టి తవ్వాలి. మద్రాసు ఆరోగ్యశాఖ పెద్ద డాక్టర్ కార్నిష్ ఈ కూలితో మనిషి బతకడని గట్టిగా వాదించాడు. వాదన నడుస్తుండగా జనం పోతూనే ఉన్నారు. ఇంకోపక్క మన దేశం నుంచి గోధుమలు ఓడలకెక్కి ఇంగ్లండు పోతూనే ఉన్నాయి. కృష్ణా, గోదావరి డెల్టాలు మాత్రం ఆనకట్టల పుణ్యాన పండాయి. కరువు జిల్లాలకు ధాన్యం అక్కడి నుంచి వెళ్ళింది, కరువు జిల్లాల జనం అక్కడికి నడిచి వెళ్ళారు. ధవళేశ్వరం ఆనకట్టని మనవాళ్ళు ఇప్పటికీ కాటన్ దొర పేరుతో తలుచుకునేది ఊరికే కాదు.

ఈ కరువు మాదిగ పల్లెని ఎలా కొట్టిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. మాదిగకి పొలం లేదు. రైతుకి చెప్పులు కుట్టి, మోటకి తోలు బాన కుట్టి, కళ్ళం దగ్గర మేరగా ధాన్యం తీసుకుంటాడు. పంట పోతే మేర పోతుంది. బావి ఎండితే మోట ఆగుతుంది, తోలు బానతో పని లేదు. రైతుకి గాదెలో అడుగుబొడుగు గింజలుంటాయి, అమ్ముకోవడానికి ఎద్దుంటుంది, అప్పిచ్చే షావుకారుంటాడు. మాదిగకి మిగిలేది చచ్చిన గొడ్డు మాంసం. ఇక్కడొక మెలిక ఉంది. ఒంగోలు సంఘంలో చేరాలంటే మూడు నియమాలు: విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డుని తినకూడదు. మామూలు రోజుల్లోనే ఈ మూడింటి వల్ల ఊరి పెద్దలతో గొడవలొచ్చేవి. జాతరకి డప్పు కొట్టమంటే రానన్నవాడికి ఊరు పని ఇవ్వదు. ఇక ఊరంతా గొడ్లు చచ్చిపడి ఉన్న ఏడాదిలో ఆ మూడో నియమం పాటించడమంటే ఏమిటో మనం ఊహించుకోవలసిందే. గంజికి మారారు అనేవాళ్ళు ఈ లెక్క వెయ్యరు.

మిషన్ పని ఆగింది. పల్లెల్లో తిరగాల్సిన బోధకులే తిండి లేక ఉన్నారు. ఒంగోలు బంగళా ముందు రోజూ వందలమంది. చందాలతో ఎంతమందికి పెట్టగలరు? ప్రభుత్వ సహాయ పనుల చోటికి వెళ్ళినవాళ్ళు అక్కడ తోసేశారని, పేరు రాయడానికే మామూళ్ళు అడిగారని తిరిగొచ్చి చెబుతున్నారు. అప్పుడు సర్వేయరు మేలుకున్నాడు.

మద్రాసు నుంచి ఉత్తరానికి తీరం పొడుగునా పడవల కాలువ వేసే పని అప్పటికే ఉంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా చిన్నగా మొదలైన కాలువ అది. కరువు రాగానే దాన్ని పొడిగించడం సహాయ పనిగా మారింది. కృష్ణా డెల్టా కాలువని పెదగంజాం దగ్గర కలిపితే బెజవాడ నుంచి మద్రాసు దాకా పడవలో పోవచ్చు. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు, ఆయన పేరే కాలువకి స్థిరపడింది. పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా మొత్తం 420 కిలోమీటర్ల చిల్లర. ఇందులో ఒంగోలు వైపున మూడున్నర మైళ్ళ ముక్కని క్లౌ కాంట్రాక్టుకి తీసుకున్నాడు.

ఇది దానం కాదు, కూలి పని. ప్రభుత్వ సహాయ శిబిరానికీ కాంట్రాక్టుకీ తేడా మట్టి పని చేయించిన ఎవరికైనా తెలుస్తుంది. శిబిరంలో రోజు కూలి, మేస్త్రీ దయ. కాంట్రాక్టులో కొలత. తవ్వినచోట అక్కడక్కడా మట్టి దిమ్మెలు వదిలేస్తారు, దిమ్మె ఎత్తుని బట్టి లోతు కొలుస్తారు, పొడుగూ వెడల్పూ లోతూ కలిపి ఘనపు గజాల్లో లెక్క కడతారు. ఎన్ని గజాలైతే అన్ని డబ్బులు. మగవాళ్ళు గడ్డపారలతో తవ్వుతారు, ఆడవాళ్ళు తట్టలెత్తి గట్టు మీద పోస్తారు. కొలత సరిగ్గా ఉంటే కూలి సరిగ్గా ఉంటుంది. కొలిచేవాడు దొంగైతే రోజంతా చేసిన పని గాలిలో పోతుంది. మన దేశంలో పేదవాడు ఎక్కువగా మోసపోయింది ఈ కొలత దగ్గరేనని నా అభిప్రాయం. మేర కొలిచే కుంచం దగ్గర నుంచీ అంతే.

క్లౌకి కొలవడం వచ్చు. అది మొదటి విషయం. రెండోది అంతకంటే పెద్దది. పని మీద పెద్దలుగా ఆయన తన బోధకుల్ని పెట్టాడు, ముప్పై మంది దాకా, ఒక్కొక్కరి కింద వందమంది దాకా. ఆ బోధకుల్లో ఎక్కువమంది మాదిగలే. చదువు నేర్చిన మాదిగ చేతిలో హాజరు పట్టీ, డబ్బు సంచీ! ఊళ్ళో కరణం కొలుస్తుంటే దూరంగా నిలబడ్డవాడికి తనవాడే పేరు రాసి, తనవాడే లెక్క చెప్పి చేతికి డబ్బివ్వడం. 1877 నాటికి ఆ ప్రాంతంలో ఇలాంటిది ఎవరూ చూసి ఉండరు. తాటాకు పాకలు వేశారు, నీళ్ళకి బావులు తవ్వారు. వేలమంది నెలల తరబడి పక్క పక్కనే ఉన్నారు. కలరా వచ్చింది, నీరసించి వచ్చినవాళ్ళు కొందరు పని మొదలెట్టకుండానే పోయారు. వాళ్ళ జాగాలోకి కొత్తవాళ్ళు వచ్చారు. క్రైస్తవులకే పని అన్న షరతు లేదు. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా కూర్చున్నప్పుడు బోధకులు తమకు తెలిసిన మాటలు చెప్పేవారు. విన్నవాళ్ళు విన్నారు, కునుకు తీసినవాళ్ళు తీశారు.

ఇంతవరకూ చదివి, అదిగో, పని ఇచ్చి మతం చెప్పారు కదా అనవచ్చు. అనాలి కూడా. అందుకే తేదీలు చూడాలన్నాను. కరువు పని నడుస్తుండగా చేరతామని వచ్చినవాళ్ళు వేలు. క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. 1877 మొదట్లో ఆపినవి పదిహేను నెలల దాకా మళ్ళీ మొదలుపెట్టలేదు. కూలీ, సహాయమూ అందుతున్నప్పుడు చేరేవాడి మనసు తెలుసుకోవడం కష్టమన్నది ఆయన వాదన. మిషనరీకి అంకెలు కావాలి, అంకెలు చూపిస్తే చందాలొస్తాయి. అలాంటి మనిషి ఏడాది పైన గుమ్మం ముందున్న అంకెల్ని వద్దన్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

1878 మధ్యలో ఇక పంచడానికి డబ్బు లేదు. జూన్‌లో ఒంగోలుకి ఉత్తరాన పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, పాత క్రైస్తవులను మాత్రమే రమ్మని కబురు చేశాడు. కొత్తవాళ్ళని తీసుకురావద్దని బోధకులకి ముందే చెప్పాడు. వేలమంది కొత్తవాళ్ళు వచ్చారు. సహాయం అయిపోయింది, ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు, వెళ్ళిపొమ్మన్నాడు. మాకేమీ వద్దన్నారు వాళ్ళు. చేతుల్లో బొబ్బలు చూపించి, మేము పని చేసుకునే బతికాం, ఇకముందూ చేసుకుంటాం, వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేది క్రైస్తవులుగా చస్తామన్నారట. ఇది క్లౌ చెప్పుకున్న మాట, ఆయన పక్షం మాట. అయినా ఆ బొబ్బల సంగతి నమ్మబుద్ధేస్తుంది. కల్పించి చెప్పేవాడు కన్నీళ్ళ గురించి చెబుతాడు గానీ బొబ్బల గురించి చెప్పడు.

జులై 2న 614 మంది. 3న 2,222 మంది. 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ ఏడాది చివరికి మొత్తం 9,606. మధ్య రోజు అంకె ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో బైబిలు పండితులు దాని మీద ఒక వింత వాదన పెట్టుకున్నారు. పెంతెకొస్తు నాడు మూడు వేలమందిని ఒక్క రోజులో నీళ్ళలో ముంచడం సాధ్యమేనా అని వాళ్ళకి ఎప్పటి నుంచో పేచీ. ఒంగోలు చూడండి, సాధ్యమే అన్నారు బాప్టిస్టులు. నేనూ లెక్కేశాను. దీక్ష ఇచ్చినవాళ్ళు ఆరుగురు, ఒక్కసారి నీళ్ళలో ఇద్దరు, అలిసిపోతే మారేవారు, మొత్తం తొమ్మిది గంటల పని. మనిషికి ముప్పై సెకన్లు కూడా పడలేదు. కానీ నాకు ఆ ముప్పై సెకన్ల కంటే ముందు జరిగిన పని ముఖ్యమనిపించింది. ప్రతి ఊరి బోధకుడూ తన ఊరివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరినీ ప్రశ్నించి, పేరు రాసుకుని, పేరు పిలిస్తేనే నీళ్ళలోకి పంపాడు. పల్లెలో 'ఒరేయ్' తప్ప పేరు పెట్టి ఎవరూ పిలవని మనుషులు 2,222 మంది ఆ రోజు గుండ్లకమ్మ ఒడ్డున పేరు కోసం చెవి ఒగ్గి నిలబడ్డారు.

ఆ ఏడాది పేరు బహుధాన్య నామ సంవత్సరం. మన పంచాంగానికి హాస్యం లేదని ఎవరన్నారు?

ఇప్పుడు ఎదుటి పక్షం. లెక్క అంత శుభ్రంగా లేదని చెప్పకపోతే నేను అన్యాయం చేసినట్టే. ఇంగ్లండులో పోగైన మాన్షన్ హౌస్ నిధి డబ్బు 1878లో కూడా పల్లెలకు వచ్చింది, దాన్ని పంచినవాళ్ళలో క్లౌ ఒకడు. సహాయం ఆగిన రోజుకీ బాప్తిస్మం మొదలైన రోజుకీ మధ్య గోడ కట్టినంత తేడా లేదు. కాథలిక్ ఫాదర్లు ఆ చుట్టుపక్కలకి వచ్చారని, తాను ఆలస్యం చేస్తే వీళ్ళు అటు పోతారన్న భయం కూడా తనను తొందరపెట్టిందని ఆయనే దాచకుండా చెప్పాడు. ఇంతమందిని ఒకేసారి చేర్చుకోవడం మీద తోటి మిషనరీల్లోనే అనుమానాలుండేవి. పైగా, మనల్ని చావు నుంచి తప్పించిన మనిషి దేవుడు మన దేవుడవ్వాలని అనుకోవడం మానవ సహజం. దాన్ని లంచమనడం నాకు నచ్చదు, పూర్తిగా భక్తి అనడమూ నచ్చదు.

కాబట్టి ఆ ఉగాది బల్ల దగ్గరి మాటకి నేను చెప్పగలిగింది ఇంతే. గంజి కోసం మారవలసినవాడు 1877లో మారాలి, అప్పుడు తలుపు మూసి ఉంది. 1878లో మారినవాడికి గంజి హామీ లేదు, పైగా ఊళ్ళో బావీ పనీ రెండూ పోయే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం వాళ్ళ మనవల దాకా వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డు కులం కిందికి రాడు. ఆంధ్రప్రదేశ్‌లో అతన్ని బీసీ-సీలో చేర్చారు. కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు అన్న బతుకు అక్కడి నుంచి వచ్చింది. ఇక్కడ కాల్గరీలో కూడా కొందరు మిత్రులు తెలుగు సంఘంలో ఒక పేరుతో, చర్చిలో ఒక పేరుతో ఉంటారు. ఎందుకని మనం అడగం. అడగకపోవడం మర్యాద అనుకుంటాం.

మళ్ళీ మన ఊరి వాగు దగ్గరికి వద్దాం, ఎందుకంటే సహాయానికి షరతు పెట్టడం అంటే ఏమిటో ఇక్కడే కళ్ళకు కడుతుంది. కెనడాలో ఇండియన్ చట్టం వచ్చింది 1876లో. వెల్లంపల్లికి సుమారు తొమ్మిది నెలల ముందు, 1877 సెప్టెంబరు 22న, కాల్గరీకి తూర్పున బ్లాక్‌ఫుట్ క్రాసింగ్ దగ్గర ఏడో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సిక్సికా, కైనాయ్, పికానీ, సూట్‌ఇనా, స్టోనీ నకోడా ప్రజలు ఒకవైపు, మన విక్టోరియా రాణి ప్రతినిధులు మరోవైపు. మెక్‌డూగల్ కొడుకు జాన్ కూడా అక్కడున్నాడు. రెండేళ్ళలో బైసన్ మందలు ఈ మైదానాల నుంచి మాయమయ్యాయి. ఆకలి మొదలైంది. ప్రభుత్వం రేషన్ ఇచ్చింది, ఆ రేషన్‌నే పగ్గంగా వాడుకుంది. చెప్పిన చోటికి కదలకపోతే తిండి తగ్గింది. టెంపుల్ పౌను ధాన్యం లెక్క, ఇక్కడి పిండి, బేకన్ లెక్క ఒకే సామ్రాజ్యపు పద్దుల పుస్తకంలోవే. మన ఇళ్ళు ఇప్పుడు ఆ ఏడో ఒప్పందపు నేల మీదే ఉన్నాయి. సభ మొదట్లో భూమి ప్రస్తావన చదువుతున్నప్పుడు ఫోన్లు చూసుకునే మనకి ధాత కరువు గుర్తుంటే ఆ నాలుగు వాక్యాలు కొంచెం వేరుగా వినిపిస్తాయేమో.

క్లౌ ఆ తరవాత ముప్పై ఏళ్ళ పైన బతికి 1910లో అమెరికాలో కన్నుమూశాడు. ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల ఇళ్ళలో కూర్చుని వాళ్ళ కథలు విని 1899లో ఒక పుస్తకం వేసింది, 1914లో భర్త ఆత్మకథ పూర్తిచేసి అచ్చువేయించింది. పేరయ్య లాంటి వాళ్ళ గురించి మనకింత తెలియడం ఆమె చలవే. ఆ రోజుల్లో మన పత్రికలు, మన పండితులు మాదిగ గూడెంలోకి కాగితం పట్టుకుని వెళ్ళిన దాఖలాలు నాకు కనబడలేదు.

కాలువ ఇంకా ఉంది. రైళ్ళూ లారీలూ వచ్చాక పడవలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. చాలాచోట్ల ఇసుక మేసి, తుమ్మ మొలిచి, మురుగు పారుతోంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అలలో కొంత నీళ్ళు ఈ కాలువలో పడి ఆగడం వల్ల దాని వెనకున్న పల్లెలు కొన్ని గట్టెక్కాయని శాస్త్రవేత్తలు రాశారు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా జాతీయ జలమార్గమని ప్రకటించారు, బకింగ్‌హాం కాలువ అందులో భాగం. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు విజయవాడ నుంచి నెల్లూరు వైపు కారులో పోతే, ఒంగోలు ఇంకా పది మైళ్ళుందనగా మద్దిపాడు దగ్గర గుండ్లకమ్మ వంతెన వస్తుంది. వెల్లంపల్లి అక్కడే. వంతెన దాటడానికి నిమిషం కూడా పట్టదు, డ్రైవరుకి ముందే చెప్పి ఉంచండి.